సైకిలుకి ఏ డిస్కు మంచిది? వైరుదా, ఆయిలుదా?



వార్షికోత్సవ సంచికకి ఏదో ఒకటి రాయమని కమిటీ వాళ్ళు మా రూముకి వచ్చినప్పుడు సైకిలు బ్రేకుల గురించి రాస్తామన్నాం. అందరూ నవ్వారు. అమ్మ మీద నాలుగు కవితలు, స్నేహం మీద ఆరు కవితలు ఎలాగూ వస్తాయి కదా, ఒక్క పేజీ బ్రేకులకి ఇస్తే తప్పేమిటి అన్నాం. పేజీ ఇచ్చారు. మేము రాసింది మాత్రం ఒక పేజీకి సరిపోలేదు.

ఇది నవ్వే విషయం కాదనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మీ అందరికీ తెలుసు. మొన్న వానాకాలంలో మన డిగ్రీ సెకండియర్ కుర్రాడు ఎత్తు బ్రిడ్జి దిగుతూ, ఆగి ఉన్న ఆటో వెనక గుద్దుకున్నాడు. కుడి మణికట్టు విరిగింది. సెమిస్టరు పరీక్షలు వేరొకరి చేత రాయించుకోవాల్సి వచ్చింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతివాడూ ఒకటే అడిగాడు: "వీడి సైకిలుకి ముందూ వెనకా డిస్కు బ్రేకులున్నాయి కదా, ఎలా పడ్డాడు?" ఆ ప్రశ్నకి జవాబు ఈ వ్యాసంలో ఉంది. రెండో కారణం, పూర్వ విద్యార్థుల సంఘం అన్నయ్యలు హాస్టలుకి ఉమ్మడిగా వాడుకోవడానికి ఆరు సైకిళ్ళు కొనిస్తామన్నారు. కొంటే మంచివే కొనాలి, ఆయిలు బ్రేకులవే కొందామని ఒకరు, మామూలువి చాలు, మిగిలిన డబ్బుతో ఇన్వర్టరు కొందామని ఇంకొకరు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నారు కాబట్టి మీరే తేల్చండని ఆ పని మాకు అప్పగించారు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేము. ఊరికి వెళ్తే జ్వరం మాత్ర దగ్గర నుంచి పట్టాదారు పాసుపుస్తకం దాకా అన్నీ మమ్మల్నే అడుగుతారు. బ్రేకులు కూడా అందులో కలిశాయి.

ముందు పాత సంగతి. మా నాన్న జూటు మిల్లు షిఫ్టుకి తొక్కిన నల్ల సైకిలుకి రాడ్ బ్రేకులుండేవి. లివరు నొక్కితే సన్నటి ఇనప కడ్డీ పైకి లాగుతుంది. దాని చివర గుర్రపు నాడాలాంటి ముక్క ఉంటుంది. అది రెండు రబ్బరు బ్లాకుల్ని రిమ్ము లోపలి అంచుకి అదుముతుంది. వైరు లేదు, తెగేది లేదు. ఒక పానా ఉంటే చాలు. 1949లో మద్రాసులో మొదలైన టీఐ వారి హెర్క్యులిస్ గానీ, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ గానీ, 1956లో లుధియానాలో మొదలైన హీరో గానీ, మన నాన్నలు తొక్కిన బరువు సైకిళ్ళన్నీ ఇంచుమించు ఇదే పద్ధతి. (అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు!) ఈ బ్రేకులతో ఒకటే చిక్కు, వాన. తడిసిన ఇనప రిమ్ము మీద రబ్బరు జారుతుంది. చక్రం కొన్ని చుట్లు తిరిగేదాకా రబ్బర్లు రిమ్ము మీది నీళ్ళు తుడవడంతోనే సరిపోతుంది, పట్టు ఆ తరవాతే వస్తుంది. ఈలోగా కాలు నేలకి ఆనించి చెప్పు అరగదీసి ఆపాలి. వానాకాలంలో నాన్న చెప్పులు నెలకో జత పోతున్నాయని అమ్మ సణిగేది. అది చెప్పుల తప్పు కాదు.

తరవాత వైరుతో పనిచేసే బ్రేకులు, అల్యూమినియం రిమ్ములు వచ్చాయి. అల్యూమినియం మీద తడిలో కూడా రబ్బరు పట్టు ఇనుము కన్నా చాలా నయం. పొడుగు చేతులతో రెండు పక్కల నుంచీ రిమ్ముని నొక్కే వీ బ్రేకు మంచి రబ్బర్లతో ఉంటే ఊళ్ళో తిరగడానికి ఏ లోటూ లేదు. ఈ మాట మళ్ళీ చివర చెప్తాం, గుర్తుంచుకోండి.

డిస్కు బ్రేకు కొత్త వస్తువేమీ కాదు. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు కారు కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులో జరిగే ఇరవై నాలుగు గంటల లె మాన్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక లోకం దాన్ని పట్టించుకుంది. 1969లో హోండా వాళ్ళు పెద్ద మోటారు సైకిలుకి ఆయిలు డిస్కు పెట్టారు. మన విజయనగరం కుర్రాళ్ళకి మాత్రం డిస్కు అన్న మాట 2001లో వచ్చిన పల్సర్ లాంటి బళ్ళతోనే బాగా అలవాటైంది. ఆ మోజే ఇప్పుడు సైకిలు మీదికి దిగింది. పది పన్నెండు వేల సైకిలుకి కూడా ముందూ వెనకా డిస్కులు మెరుస్తుంటాయి. మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం దాకా ఆ సైకిలు మీద ఒక రౌండు కొడితే చాలు, మనవాడు గిరీశం అయిపోతాడు. బొంకులదిబ్బ మీద నిలబడి లెక్చరు దంచడమే తరువాయి.

మోజు సంగతి పక్కనపెట్టి అసలు అందులో ఏముందో చూద్దాం.

చక్రం మధ్యలోని హబ్బుకి ఒక పల్చటి ఉక్కు పళ్ళెం బిగిస్తారు. చాలా సైకిళ్ళకి దాని వ్యాసం 160 మిల్లీమీటర్లు, కొత్తదాని మందం రెండు మిల్లీమీటర్లలోపే. ఫోర్కుకి ఒక క్యాలిపరు బిగించి ఉంటుంది. దానిలో రెండు చిన్న ప్యాడ్లు. లివరు నొక్కితే ఆ ప్యాడ్లు పళ్ళాన్ని రెండు వైపులా పట్టుకుంటాయి. ఇంతే.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. డిస్కు అంటే బలం ఎక్కువ అనుకుంటారు. ఆలోచిస్తే రిమ్ము కూడా ఒక పెద్ద డిస్కే! చక్రం ఆగాలంటే తిరుగుడుకి ఎదురు మెలి కావాలి. మెలి అంటే బలాన్ని దూరంతో గుణించడం, ఇంటర్లో చదువుకున్నదే. టైరు అంచు ఇరుసుకి దాదాపు 34 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. డిస్కు మీద ప్యాడు పట్టేచోటు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోనే. అంటే అదే పని చెయ్యడానికి డిస్కు దగ్గర నాలుగింతలకి పైగా బలం కావాలి. ఆ లెక్కన చూస్తే రిమ్ము బ్రేకుదే సుళువైన స్థానం. మరి డిస్కు ఎందుకు? నీళ్ళూ బురదా టైరుకి, రిమ్ముకి తగిలినంతగా డిస్కుకి తగలవు. తగిలినా గట్టి ప్యాడ్లు, చిల్లులున్న పళ్ళెం వాటిని చప్పున వదిలించుకుంటాయి. గోతిలో పడి రిమ్ము బెండు వస్తే రిమ్ము బ్రేకు ఒకచోట రాసుకుంటుంది, ఒకచోట అందదు. డిస్కుకి ఆ బెండుతో పనిలేదు. రిమ్ము అరగదు కూడా. కాబట్టి డిస్కు ఇచ్చేది ఎక్కువ బలం కాదు, వానలోనూ ఎండలోనూ ఒకేలాంటి బలం. జూన్ నుంచి అక్టోబరు దాకా తడుస్తూ తొక్కే మనకి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు వైరు, ఆయిలు అనే రెండు రకాల దగ్గరికొద్దాం.

వైరు డిస్కులో లివరు నుంచి క్యాలిపరు దాకా పాత బ్రేకులాగే ఉక్కు వైరు, పైన తొడుగు. వైరు లాగితే క్యాలిపరు మీది చిన్న చెయ్యి తిరిగి ప్యాడుని లోపలికి తోస్తుంది. అసలు కీలకం ఇది: తక్కువ ధర క్యాలిపర్లలో కదిలేది ఒక్క ప్యాడే, బయటి వైపుది. లోపలి ప్యాడు కదలకుండా ఉంటుంది. బయటి ప్యాడు వచ్చి పళ్ళాన్ని కాస్త వంచి లోపలి ప్యాడుకి ఆనిస్తేనే బ్రేకు పడుతుంది. అందువల్ల లోపలి ప్యాడు అరిగేకొద్దీ దాన్ని వెనక ఉన్న స్క్రూతో కొంచెం కొంచెం ముందుకి తిప్పుకోవాలి. అది అల్లెన్ కీతో ఒక్క నిమిషం పని. బయటి ప్యాడు అరుగుదలని వైరు దగ్గరున్న నట్టుతో సరిచెయ్యాలి. దుకాణం వాళ్ళు చాలామంది వైరు మాత్రం బిగిస్తారు, లోపలి స్క్రూ ముట్టుకోరు. కొన్నాళ్ళకి పళ్ళెం ఎంత వంగినా లోపలి ప్యాడుని గట్టిగా అందుకోలేదు. లివరు వచ్చి హ్యాండిలుకి తగులుతుంది గానీ సైకిలు ఆగదు.

మన సెకండియర్ కుర్రాడి సైకిలు తెచ్చి వరండాలో విప్పి చూశాం. సెకండు హ్యాండులో కొన్నది. ముందు బ్రేకు లోపలి ప్యాడు అరిగి వెనకున్న ఇనప రేకు కనబడుతోంది. వెనక బ్రేకు ప్యాడ్లలో అరుగుదల లేదు, కానీ వేలు పెడితే జిడ్డు. కీచుమంటోందని ఎవరో ఛైను నూనె వేశారట! డిస్కులున్నా వాడికి బ్రేకు లేనట్టే లెక్క. ఎండాకాలంలో ఆ కాస్త పట్టుతో నెట్టుకొచ్చాడు. వాన, వాలు, ఆటో మూడూ కలిసిన రోజు దొరికిపోయాడు.

ఆయిలు డిస్కుకి వైరు ఉండదు. సన్నటి గొట్టంలో నూనె ఉంటుంది. లివరు దగ్గర చిన్న పిస్టను, క్యాలిపరులో రెండు పెద్ద పిస్టన్లు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకీ తగ్గకుండా అందుతుంది. ఉదాహరణకి లివరు పిస్టను వ్యాసం 10 మిల్లీమీటర్లు, క్యాలిపరు పిస్టను వ్యాసం 22 మిల్లీమీటర్లు అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి 4.84. చేతితో 8 కిలోల బలం వేస్తే లివరు దాన్ని నాలుగింతలు చేసి 32 కిలోలు చేస్తుంది. నూనె దాన్ని ఒక్కో ప్యాడు మీద 150 కిలోల పైచిలుకు చేస్తుంది. రెండు వేళ్ళతో ఇంత పని!

అలాగని వైరుకి ఈ గుణింతం రాదనుకోకండి. క్యాలిపరు మీది చెయ్యి, లోపలి మెట్టు కూడా బలాన్ని పెంచేవే. తేడా దారిలో పోయేదానిలో ఉంది. వైరు తొడుగులో రాసుకుంటుంది, సాగుతుంది, వానకి తుప్పు పడుతుంది, వంపుల దగ్గర బిగుసుకుంటుంది. చేతి బలంలో కొంత అక్కడే ఖర్చవుతుంది. నూనె రాసుకోదు, సాగదు. అందుకే ఆయిలు బ్రేకు వేలికి మెత్తగా, కొలిచినట్టు పడుతుంది. కొంచెం నొక్కితే కొంచెం, ఎక్కువ నొక్కితే ఎక్కువ. రెండు ప్యాడ్లూ సమానంగా కదులుతాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు వాటంతటవే కొంచెం ముందుకొచ్చి ఆగుతాయి కాబట్టి స్క్రూలు తిప్పే పనే లేదు. మన కుర్రాడికి జరిగినదాంట్లో సగం ఆయిలు బ్రేకుతో జరిగేది కాదు. ఈ సంగతి ఒప్పుకోవాలి. చిన్న చేతులవాళ్ళకి, వేళ్ళలో పట్టు తక్కువున్నవాళ్ళకి కూడా ఆయిలే మేలు.

మరైతే ఆయిలుదే కొనేద్దామా? ఆగండి.

హాస్టలు దగ్గరి సైకిలు షాపు మేస్త్రీకి ఆయిలు బ్రేకు సైకిలు చూపిస్తే చెయ్యి పెట్టలేదు. "దీన్లోకి గాలెక్కితే నాను సెయ్యలేను బాబూ, ఇశాఖపట్నం అట్టుకెల్లిపోండి" అన్నాడు. చెయ్యలేనిది చెయ్యలేనని చెప్పడం మేస్త్రీల్లో అరుదైన గుణం. ఆయన్ని మేము గౌరవిస్తాం. గాలి ఎందుకు ప్రమాదం? నూనెని నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. గొట్టంలో చిన్న బుడగ చేరినా మీ చేతి బలం ఆ బుడగని నలపడానికే పోతుంది. లివరు స్పాంజిలా మెత్తబడుతుంది. ఆ గాలిని బయటికి తియ్యడానికి తగిన సిరంజి, గొట్టాలు, సరైన నూనె, ఓపిక కావాలి. నేర్చుకుంటే అరగంట పని. నేర్పేవాడు పక్కన ఉండాలి, అదే కష్టం.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం నూనె రకంలో ఉంది. మోటారు సైకిళ్ళ డిస్కులో పోసేది డాట్ 3, డాట్ 4 అనే బ్రేకు ఆయిలు. అది ఏ స్పేరుపార్టుల కొట్లోనైనా దొరుకుతుంది. మన దగ్గర దొరికే చాలా సైకిలు ఆయిలు బ్రేకుల్లో, షిమానో, టెక్ట్రో లాంటి వాటిలో, ఉండేది మినరల్ ఆయిలు. ఈ రెండింటికీ పడదు. మినరల్ ఆయిలు బ్రేకులో డాట్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు చెడి కారడం మొదలవుతుంది. మొదటి రోజు బాగానే పనిచేస్తుంది, అదే మోసం. డాట్ ఆయిలు గాలిలోని తేమని పీలుస్తుంది, రంగుని తినేస్తుంది. తేమ చేరితే దాని మరిగే వేడి కూడా పడిపోతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టినదానికి అది 155 డిగ్రీలే. కొన్ని కంపెనీల సైకిలు బ్రేకులకి డాట్ ఆయిలే వాడాలి, వాటిలో మినరల్ పోయకూడదు. ఏది పొయ్యాలో లివరు మూత మీద రాసి ఉంటుంది. "నూనె నూనే కదా" అనే మేస్త్రీ కనబడితే సైకిలు తీసుకుని వచ్చెయ్యండి.

ఇంకొకటి. పంచరు పడినా ఛైను ఊడినా మనం చేసే మొదటి పని సైకిలుని తలకిందులుగా నిలబెట్టడం. తరతరాల అలవాటు. ఆయిలు బ్రేకుని అలా నిలబెడితే లివరు పక్కనున్న నూనె గదిలో కాస్త గాలి ఉన్నా అది గొట్టంలోకి చేరవచ్చు. పండక్కి ఊరికి తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టినా అంతే. తిరిగి నిలబెట్టాక పదిసార్లు లివరు నొక్కి గట్టిగా ఉందో లేదో చూసి గానీ ఎక్కకూడదు. చక్రం విప్పినప్పుడు ఎవడైనా సరదాకి లివరు నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు కలిసిపోతాయి, చక్రం మళ్ళీ దూరదు. చక్రం విప్పగానే ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క పెడితే ఆ గొడవ రాదు. ఒక మనిషి సొంత సైకిలైతే ఇవన్నీ గుర్తుంటాయి. ఆరు సైకిళ్ళు, ఎనభై మంది బోర్డర్లు ఉన్నచోట ఎవరికి గుర్తుంటాయి?

వైరు డిస్కుకి ఈ బెంగలు లేవు. తలకిందులు చెయ్యండి, పడుకోబెట్టండి, అడగదు. వైరు తెగితే వంద రూపాయల్లోపు, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. గజపతినగరంలోనో నెల్లిమర్లలోనో రోడ్డు పక్క షాపులో కూడా మార్చేస్తారు. ఒక్క బ్రేకు వైరు తెగినంత మాత్రాన రెండోది పోదు, ఇంటికి చేరతాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు లేక, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన రోజులు మాకు బాగా గుర్తు. మా వీధిలో సైకిలున్నవాడే ఆ వారం తిరగగలిగాడు. అలాంటి రోజున ఇంట్లో ఉన్న పానాతో బాగయ్యే బండే బండి అని మా అభిప్రాయం.

ఘాట్ రోడ్ల మాట కూడా అడిగారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి, సాలూరు దాటి పి.కోనవలస. ఈ దారుల్లో కిలోమీటర్ల కొద్దీ దిగుడు. అక్కడ చెయ్యి నొప్పి పుట్టకుండా దిగాలంటే ఆయిలుదే సుఖం. కానీ ఏ బ్రేకైనా నొక్కి పట్టుకుని దిగకూడదు. కాస్త వేసి, వదిలి, మళ్ళీ వెయ్యాలి. ఎడతెగకుండా పట్టుకుంటే పళ్ళెం వేలు కాలేంత వేడెక్కుతుంది. మన రోజువారీ కాలేజీ దారిలో అంత వేడి పుట్టదు కాబట్టి ఇది ఇక్కడితో వదిలేస్తున్నాం.

ఏ డిస్కుకైనా శత్రువు నూనె. ఆయిలు బ్రేకులో నూనె గొట్టం లోపల ఉండాలి, పళ్ళెం మీద కాదు. కీచుమంటోందని కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, ఛైను స్ప్రే ఏదీ వెయ్యొద్దు తమ్ముళ్ళూ! ఛైనుకి నూనె వేసేటప్పుడు డిస్కుకి పాత గుడ్డ కప్పండి. వేళ్ళతో పళ్ళాన్ని ముట్టుకోకండి, చేతి జిడ్డు కూడా జిడ్డే. జిడ్డు పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. చేతులు కడుక్కునే శానిటైజరు పనికిరాదు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. ప్యాడ్లు నూనె పీల్చేస్తే మాత్రం కొత్తవి వేసుకోవడమే మంచిది. కొత్త ప్యాడ్లు వేసిన రోజే బ్రేకు బాగా పడదు. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగంగా వెళ్తూ, నెమ్మదించేదాకా బ్రేకు వేసి వదులుతూ ఇరవైసార్లు చేస్తే ప్యాడు పళ్ళానికి అలవాటు పడుతుంది. మన స్టాండులో సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి వాల్చే అలవాటు కూడా మానాలి. పక్క సైకిలు పెడలు గుచ్చుకుని పళ్ళెం వంగుతుంది. తరవాత చక్రం తిరిగినప్పుడల్లా "టిక్ టిక్" మంటుంది.

బ్రేకు ఎంత మంచిదైనా భౌతికశాస్త్రం కొంత చోటు అడుగుతుంది. కుర్రాడు, సైకిలు, పుస్తకాల సంచి కలిపి 80 కిలోలు అనుకుందాం. గంటకి 18 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకి 5 మీటర్లు, ఆ కదలికలో ఉన్న శక్తి 1000 జౌళ్ళు. దిగుడులో వేగం రెట్టింపై 36 అయితే శక్తి 4000 జౌళ్ళు. రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆటో కనబడి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతుందనుకోండి. 18లో 5 మీటర్లు అక్కడే అయిపోతాయి, ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో రెండున్నర. 36లో ముందు 10, తరవాత మళ్ళీ 10. మొత్తం ఏడున్నర మీటర్లెక్కడ, ఇరవై మీటర్లెక్కడ! తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ జారేది టైరు. అరిగి నున్నబడిన టైరుకి ఆయిలు డిస్కు తగిలించినా లాభం లేదు. సిరిమానోత్సవం నాటి జనంలో ఏ బ్రేకున్నా దిగి నడిపించుకోవడమే.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని మనలో చాలామంది వెనకదే వాడతారు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ పని చెయ్యగలిగేది ముందు బ్రేకే. వెనక చక్రం తేలికై జారిపోతుంది. రెండూ కలిపి, ముందుది నిమ్మళంగా పెంచుతూ వెయ్యాలి, ఒళ్ళు కాస్త వెనక్కి జరుపుకోవాలి. మన దేశంలో మామూలుగా కుడిచేతి లివరు ముందు చక్రానిది. ఎవరి సైకిలైనా అడిగి తీసుకుంటే ఎక్కకముందే ఏది దేనిదో చూసుకోండి. ఆయిలు డిస్కుకి అలవాటు లేనివాడు పాత రాడ్ బ్రేకుని గుంజినట్టు గుంజితే నిజంగానే పల్టీ కొడతాడు. ఉమ్మడి సైకిలు విషయంలో ఇది కూడా ఆలోచించాం.

కమిటీకి మేము రాసిచ్చింది ఇది. ఆరింటిలో నాలుగు వైరు డిస్కువి, వీలైతే రెండు ప్యాడ్లూ కదిలే రకం క్యాలిపర్లతో. రెండు అల్యూమినియం రిమ్ములున్న వీ బ్రేకువి, ఊళ్ళో చిన్న పనులకి. ఆయిలుది ఒక్కటీ వద్దు. ఆయిలు తక్కువదని కాదు, సొంతానికి కొనుక్కుని, ఒక్కరే తొక్కి, విశాఖలో సర్వీసు చేయించుకోగల అన్నయ్యలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆయిలుకి పెట్టాల్సిన ఎక్కువ డబ్బులోంచి కొంత తీసి పది జతల ప్యాడ్లు, డజను వైర్లు, ఒక అల్లెన్ కీల సెట్టు, రెండు మంచి టైర్లు కొని స్టోరు రూములో పెట్టమన్నాం. ఇన్వర్టరు అడిగినవాళ్ళకి కోపం వచ్చింది, వచ్చే ఏడాది చూద్దాం.

సొంత సైకిలు కొనబోయే తమ్ముళ్ళకి ఒక మాట. డిస్కు లేని సైకిలుకి తరవాత డిస్కు పెట్టించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫోర్కుకి క్యాలిపరు బిగించే చోటు, హబ్బుకి పళ్ళెం బిగించే చోటు ముందే ఉండాలి. వైరు డిస్కు సైకిలుకి మాత్రం తరవాత ఉద్యోగం వచ్చాక లివరు, క్యాలిపరు మార్చి ఆయిలుది వేసుకోవచ్చు, చాలా వాటికి బిగించే కొలతలు సరిపోతాయి. అంత డబ్బు లేకపోతే, స్కాలర్‌షిప్పు పడిన రోజే నాసిరకం డిస్కు సైకిలు మీద పెట్టేకన్నా మంచి వీ బ్రేకు సైకిలు కొనడం నయం. సెకండు హ్యాండుదైతే కొనే ముందు లివరు గట్టిగా నొక్కి పట్టుకుని సైకిలుని ముందుకి నెట్టండి. చక్రం కదలకూడదు, లివరుకి హ్యాండిలుకి మధ్య వేలు దూరే సందు ఉండాలి. క్యాలిపరులోకి సెల్‌ఫోను లైటు వేసి చూడండి. ప్యాడు మీద మందు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువుంటే ప్యాడ్ల ఖరీదు తగ్గించి ఇమ్మనండి. ఆయిలుదైతే లివరు ఒక నిమిషం నొక్కి ఉంచితే మెల్లగా కిందికి దిగుతోందేమో, కీళ్ళ దగ్గర తడి ఉందేమో చూడండి. ఏ ఒక్కటి కనబడినా వదిలెయ్యండి.

ఆ కుర్రాడి కట్టు విప్పేశారు. వాడి సైకిలుకి కొత్త ప్యాడ్లు మేమే వేశాం. లోపలి స్క్రూ ఎలా తిప్పాలో వాడికి నేర్పాం. ఇంకెవరికైనా నేర్చుకోవాలనుంటే ఆదివారం టిఫిను అయ్యాక సైకిలు తీసుకుని వెనక వరండాకి రండి. అల్లెన్ కీ మా దగ్గరుంది. పాత గుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.